పెద్దమ్మ చేతికి రెండు నాలుగు

మా నాయనది మార్కాపురం బజారులో గాజుల దుకాణం. బోర్డు మీద ఫ్యాన్సీ స్టోర్స్ అని ఉంటుంది గానీ, ఆ మాట బోర్డు రాసిన పెయింటరు తప్ప ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు. నేను మాటలు నేర్చుకున్నది ఆ దుకాణంలోనే. అందుకే నాకు వచ్చిన మొదటి మాట అమ్మ కాదట, 'కుదరదు' అట. మా అమ్మ ఇప్పటికీ ఈ సంగతి చుట్టాలందరికీ చెప్పి నా పరువు తీస్తుంది. నాయన మాత్రం గర్వపడతాడు.

మా ఇంట్లో మొదటి మాటకు విలువ లేదు. అమ్మ ఇంకో దోసె వేయనా అంటే వద్దు అనాలి. ఆ వద్దు విని ఆమె నిజంగానే అట్లకాడ కింద పెట్టేస్తే అది బేరం చెడిపోవడం. ఆమె మళ్ళీ అడగాలి, నేను సగం చాలనాలి, ఆమె ముప్పావు దగ్గర తెగ్గొట్టాలి, చివరికి దోసె మొత్తం నా పళ్ళెంలో పడాలి. బయట జనం ఆకలేస్తే ఆకలేస్తోందని నేరుగా చెప్పేస్తారని నాకు నర్సింగు హాస్టలుకు వెళ్ళాక గానీ తెలియలేదు. మెస్సులో మొదటిరోజు వద్దన్నాను. వంటాయన గరిటెతో ముందుకు వెళ్ళిపోయాడు. లోకం ఇంత మోటుదా అనుకుంటూ ఖాళీ పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాను.

గాజుల కొలతల సంగతి కూడా చెప్పాలి. రెండు నాలుగు అంటే సన్నని చెయ్యి. రెండు ఆరు అంటే నలుగురిలాంటి చెయ్యి. రెండు ఎనిమిది అంటే ఇంకా వెడల్పు. అయితే మా దుకాణం మెట్లెక్కిన ఆడవాళ్ళందరిదీ రెండు నాలుగే. మిరపకాయలు కోసి కోసి కాయలు కాచిన చెయ్యయినా సరే, బస్తాలు మోసిన చెయ్యయినా సరే, అడిగేది రెండు నాలుగే. పెళ్ళినాటి కొలత మీద మమకారం ఎవరికి పోతుంది? కాదని చెప్పిన దుకాణానికి ఆమె మళ్ళీ రాదు. అందుకని నాయన పై అరలో డబ్బాలన్నిటి మీదా అంకె ఒక మెట్టు తగ్గించి రాయించాడు. ఆమె రెండు నాలుగు అంటుంది. ఆయన చేతిని ఒక్క చూపు చూసి, పై అరలో రెండు నాలుగని రాసిన డబ్బా తీస్తాడు. లోపల ఉండేవి రెండు ఆరు గాజులు. సర్రున ఎక్కుతాయి. ఆమె పక్కవాళ్ళ వంక ఒకసారి చూస్తుంది. కింది అరలో డబ్బాలు మాత్రం నిజమే చెప్తాయి. ఇది మోసం కాదా నాయనా అని చిన్నప్పుడు అడిగితే, "మోసం కాదమ్మా, మర్యాద" అన్నాడు.

నాయన దగ్గర నేర్చుకున్న సూత్రాలు ఇంకా ఉన్నాయి. మొదటి మాట మాట కాదు. కొనే మనిషికి తోడొచ్చిన మనిషే బేరం చెడగొట్టేది, కాబట్టి తోడొచ్చిన మనిషికి స్టూలు వేసి, సోడా ఇప్పించి, దూరంగా కూర్చోబెట్టాలి. గాజు ఎక్కాలంటే ఆ చెయ్యి వదులుగా ఉండాలి. బిగబట్టిన చేతికి బ్రహ్మదేవుడు కూడా గాజు వెయ్యలేడు. ఈ మూటంతా నెత్తిన పెట్టుకుని నేను కంభానికీ గిద్దలూరుకూ మధ్య ఒక ఊళ్ళో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా చేరాను. అప్పుడప్పుడే జిల్లాల గీతలు మార్చి గీశారు. కొత్త జిల్లా, పాత జిల్లా అని బస్సుల్లో జనం పోట్లాడుకుంటున్నారు. మా ఆసుపత్రి ఏ గీతకు ఎటువైపు ఉన్నా, కుళాయిలో నీళ్ళు మధ్యాహ్నానికే నిలిచిపోయేవి.

ఒంగోలులో మాకు శిక్షణ ఇచ్చారు. ఆసుపత్రికి వచ్చే ప్రతి ఆడమనిషినీ, ముఖ్యంగా గర్భిణులను, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి: ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అని. జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగినంత మామూలుగా అడగాలి. చెప్పింది నమ్మాలి, గుట్టుగా ఉంచాలి, ఏమేం సాయం దొరుకుతుందో చెప్పాలి. నిర్ణయం మాత్రం ఆమెదే. నాకు ఇదంతా చాలా నచ్చింది. ఆడవాళ్ళ చేత మాట్లాడించడం నాకు కొత్తా? పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే కదా అనుకున్నాను.

మాకిచ్చిన వాక్యం ఇది: మీ కుటుంబ సభ్యులెవరైనా మిమ్మల్ని శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసిస్తున్నారా? నేను మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు, ఎదురుగా కూర్చున్నామె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనో మాట్లాడుతున్నానని. వాక్యం మార్చేశాను. ఇంట్లో ఎవరన్నా చెయ్యి చేసుకుంటారా అక్కా అని అడగడం మొదలుపెట్టాను.

లేదు అన్నది మొదటి ఆమె. నాకు నవ్వొచ్చింది. లేదంటే మొదటి ధర కదా. ఎప్పుడో ఒకసారైనా? లేదు. పోనీ పండగ పూట, తాగినప్పుడు? తాగడు. కోపంలో ఒక తోపు? ఆమె ఆలోచించింది, పిల్లవాడు బడి నుంచి వచ్చే వేళైంది, పోవాలి. తోసినాడేమోలే అంది. రాసుకున్నాను. రెండో ఆమెతో ఒక చెంపదెబ్బ దగ్గర బేరం తెగింది. మూడో ఆమె నాకంటే గట్టిది. మా ఆయన కొట్టడు గానీ నేనే ఒకసారి చెంబు విసిరినా, అది రాసుకుంటావా అని అడిగింది. ఎవరికి తగిలిందని అడిగాను. గోడకు, అంది. అట్ల వారమంతా దిగ్విజయంగా నడిపాను.

వారం చివర డాక్టరమ్మ పిలిచింది. కోస్తా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, నెమ్మదస్తురాలు. నా కాగితాలు చూస్తూ, ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో కొట్టని మగవాడు ఒక్కడు కూడా లేడా సిస్టర్ అంది. నేను గర్వంగా తలూపాను. సరిగ్గా అప్పుడే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ఒకామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తల్లీ, నిన్న నీ మాట తీసెయ్యలేక ఒక దెబ్బకు ఒప్పుకున్నా. ఇంటికి పోయినాక మనసు ఒప్పలా. మా ఆయన పోయి శానా ఏళ్ళైంది. బతికున్నన్నాళ్ళూ నన్ను ఏమే అని కూడా అన్లా. సచ్చినోడి మీద దెబ్బ ఎందుకమ్మా, తుడిపెయ్యి."

డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నేను గోడ మీది టీకాల పట్టిక చదవసాగాను. నవ్వడం అయ్యాక ఆమె నాతో ఒకే మాట అంది. ఒక్కసారి అడుగు సిస్టర్, ఆమె ఏం చెప్తే అది తీసుకో, చెప్పని దాన్ని లాగకు, అని. లాగకపోతే దుకాణం ఎట్ల నడుస్తుందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ అమ్మాయి వచ్చింది ఆ తర్వాతే. ఏడో నెల. రెండో కాన్పు. చేతిలో మూడేళ్ళ కూతురు, వెనక అత్త. ఆ అత్తను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఎండిన కందికట్టెలా ఉండి, ఎదుటివాళ్ళను చూపుతోనే తూకం వేసే మనిషి. కొడుకు పలకరాళ్ళ లారీ నడుపుతాడు. అమ్మాయిని నేను ఏది అడిగినా జవాబు పెద్దమ్మదే. అన్నం తింటున్నావా అంటే తింటది. నిద్ర పడుతోందా అంటే పడతది. బిడ్డ కదులుతోందా అంటే కదుల్తది.

బీపీ పట్టీ చుట్టడానికి జాకెట్టు చెయ్యి పైకి జరిపాను. దండచేతి మీద పసుపుపచ్చగా మారుతున్న కమిలిన మచ్చ, వేళ్ళంత వెడల్పున. ఏమైందని అడిగాను.

"తలుపు తగిలింది," అంది అమ్మాయి. అదే క్షణంలో పెద్దమ్మ, "గేదె పొడిచింది," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమ్మే ముందు తేరుకుంది. గేదె తోస్తే పోయి తలుపుకు తగిలిందిలే అంది.

దుకాణానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఒకే గాజుకు రెండు ధరలు చెప్తే, వాళ్ళు ఇంట్లో మాట్లాడుకుని రాలేదని అర్థం. ఈ ఇద్దరూ కూడా మాట్లాడుకుని రాలేదు. ఈ పిల్ల ఒక్క ఐదు నిమిషాలు ఒంటరిగా దొరక్కపోతే, కడుపులో బిడ్డతో సహా ఆ తలుపుకో గేదెకో వదిలేసినట్టే. ఆ ఐదు నిమిషాలకు అడ్డం ఎవరో కూడా నాకు తెలిసిపోయింది. తోడొచ్చిన మనిషి.

అక్కడి నుంచి మాకూ పెద్దమ్మకూ యుద్ధం. నా వైపు ఆశక్క ఉంది. ఆశా కార్యకర్తగా ఊరూరా తిరిగి గర్భిణులను ఆసుపత్రికి తీసుకొచ్చే మనిషి; కంభం సాయిబుల ఇంటి ఆడపడుచు, తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో తిట్టి మళ్ళీ తెలుగులో క్షమాపణ చెప్పేది. మొదట టీ తాగిరా పెద్దమ్మా అన్నాం. టీ తాగితే పైత్యం అంది. మీ బీపీ కూడా చూస్తాం, పక్కగదికి రా అన్నాం. ఇక్కడే చూడు, నాకూ చేతులున్నాయి కదా అని స్టూలు మీదే చెయ్యి చాపింది. ఒక్కరే లోపలికి రావాలని గోడ మీద రాసుంది చూడు అన్నాం. నాకు చదువు రాదు తల్లీ, నువ్వు చదివి చెప్పినావు కదా, బాగా చదివినావు, అంది గానీ లేవలేదు. ఆఖరుకి మూత్రం సీసా అమ్మాయి చేతికిచ్చి, నేను బాత్రూము దాకా తోడు వెళ్ళాను. అక్కడ అడుగుదామని. పెద్దమ్మ మాకంటే ముందే అక్కడుంది, తలుపు పట్టుకుని. గడియ సరిగ్గా పడదంట కదా అని.

ఆశక్క ఉర్దూలోకి వెళ్ళింది. నాకు మాత్రం ఎక్కడో మెచ్చుకోలు కూడా కలిగింది. ఆమె మా బజారులో పుట్టి ఉంటే మేమంతా దుకాణాలు మూసుకోవాల్సి వచ్చేది.

మరుసటి నెల, పరీక్షల రోజునే పక్కనున్న అంగన్‌వాడీలో గర్భిణులందరికీ కలిపి సీమంతం పెట్టుకున్నారు. పసుపు, కుంకుమ, పళ్ళు, గాజులు. గాజులు నేను తెస్తానన్నాను. మాటైతే అనేశాను గానీ, అది నోట్లోంచి పడ్డాక బుర్రలో దీపం వెలిగింది. ఆ ఆదివారం మార్కాపురం వెళ్ళి, నాయన చూడకుండా కింది అరలోంచి, నిజం చెప్పే అరలోంచి, ఒక డబ్బా రెండు నాలుగు గాజులు విడిగా తీసి సంచిలో వేసుకున్నాను. నాయన చూశాడనుకోండి. ఎవరి చేతికమ్మా అవి అన్నాడు. బేరం చెడగొట్టే మనిషి చేతికి, అన్నాను. ఆయన నా సంచి సర్దిపెట్టాడు.

సీమంతం రోజు అంగన్‌వాడీ అంతా గోల. పాటలు వచ్చినవాళ్ళు పాడారు, రానివాళ్ళు ఇంకా గట్టిగా పాడారు. అమ్మాయికి తొమ్మిదో నెల దగ్గరపడుతోంది. కళ్ళ కింద నలుపు, ఈసారి మెడ పక్కన ఇంకో మచ్చ. కొంగు కప్పుకుంది. పెద్దమ్మ ఆమె భుజానికి అంటుకుని కూర్చుంది. నేను పెద్దమ్మ ముందు చతికిలబడి, పెద్దవాళ్ళకు ముందు వేసి తర్వాత కోడళ్ళకు వేస్తే మంచిదంటారు అన్నాను. నీ కొలత ఎంత పెద్దమ్మా?

"రెండు నాలుగు," అంది, అడగడమే తప్పన్నట్టు.

ఆమెది రెండు ఆరు చెయ్యి. కళ్ళు మూసుకుని చెప్పగలను. సంచిలోంచి నిజమైన రెండు నాలుగు తీసి ఒకటి ఎక్కించబోయాను. బొటనవేలి కణుపు దగ్గర ఆగిపోయింది. ఎండకు చెయ్యి వాచినట్టుంది, సబ్బు నీళ్ళతో అయితే సర్రున పోతుందని చెప్పాను. సైగ అందుకున్న ఆశక్క పెద్దమ్మను లేపి ఆసుపత్రి వెనక వరండాలో కుళాయి దగ్గరికి నడిపించింది. అందరి ముందూ రెండు నాలుగు అన్నాక వెనక్కి తగ్గే ఆడమనిషి మా ప్రకాశం జిల్లాలో పుట్టలేదు. పెద్దమ్మ కోడలి వంక ఒకసారి చూసి, వెళ్ళింది.

నేను అమ్మాయిని ఆసుపత్రిలో పరీక్షల గదిలోకి తీసుకెళ్ళి తెర లాగాను. కూతుర్ని డాక్టరమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, అవతలి గదిలో. కుళాయి దగ్గర నుంచి ఆశక్క గొంతు వినబడుతోంది. వదులు పెద్దమ్మా, వదులు.

ఇంట్లో ఎవరన్నా నిన్ను కొడుతున్నారా అమ్మా, భయపెడుతున్నారా, అని అడిగాను. ఇక్కడికి వచ్చే వాళ్ళందరినీ అడుగుతాం, నువ్వు చెప్పింది మన మధ్యనే ఉంటుంది, అన్నాను.

లేదు, అంది.

నా లోపల నాలుగు తరాల దుకాణదారులు లేచి నిలబడ్డారు. మచ్చ కళ్ళ ముందు ఉంది. ఇంకోసారి అడుగు, అంటున్నారు. తలుపు సంగతేంది, గేదె సంగతేంది, అడుగు. నేను నాలుకను పళ్ళ మధ్య పెట్టి నొక్కి పట్టాను. సరేనమ్మా అన్నాను. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేను ఇక్కడే ఉంటాను, చెప్పకపోయినా ఇట్లనే చూసుకుంటాను, అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక లేదును లేదుగా తీసుకున్నాను. ఎంత బరువుగా ఉందో చెప్పలేను.

ఇంక చెయ్యడానికేమీ లేక గాజులు తీశాను. ఆమెవి పచ్చగాజులు, సరైన కొలతవి. ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకుంటే కట్టెలా ఉంది. మొదటి గాజు కష్టం మీద ఎక్కింది. రెండోది కూడా. ఆమె గాజుల వంకే చూస్తోంది, నేనూ గాజుల వంకే చూస్తున్నాను. ఆ తర్వాతి గాజు కణుపు దాటేటప్పుడు ఆ చెయ్యి ఉన్నట్టుండి నా చేతిలో మెత్తబడిపోయింది.

"మళ్ళీ అడుగు సిస్టరమ్మా," అంది.

అడిగాను. అవే మాటలు, అంతే నెమ్మదిగా.

చెప్పింది. మొగుడు లారీ దిగి వచ్చిన రోజు దేనికైనా సరే కొడతాడట. కూరలో ఉప్పుకు, పిల్ల ఏడుపుకు, పక్కింటామె నవ్వుకు. కడుపుతో ఉన్నదని కూడా చూడడు. పోయిన వారం వీపు మీద తన్నాడు. చెప్తున్నంతసేపూ ఏడవలేదు, గాజులను ఒక్కొక్కటే తిప్పుతూ చెప్పింది. నేను మధ్యలో మీ అత్త కూడానా అని అడిగాను.

"అత్త పక్కనుంటే కొట్టడు. అందుకే నన్ను ఇడిసిపెట్టదు. ఆయన ఇంట్లో ఉన్నాడంటే రాత్రంతా నా మంచం పక్కన కూసోనే ఉంటది. ఈడికి వచ్చేటప్పుడు కూడా, దావలో ఎక్కడన్నా ఎదురుపడతాడేమోనని."

బయట కుళాయి నీళ్ళ చప్పుడు. నెల రోజులుగా మేం టీలతో, సీసాలతో, గోడ మీది రాతలతో పడగొట్టాలని చూసింది ఏ గోడనో అప్పుడు తెలిసింది. ఆ గోడ ఇప్పుడు నా దయ వల్ల చేతినిండా సబ్బు నురగతో వరండాలో కూర్చుని ఉంది. నాయన సూత్రం నెత్తి మీదినుంచి జారి కాళ్ళ మీద పడింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను, శబ్దం రాకుండా.

డాక్టరమ్మ వచ్చి మచ్చలన్నీ చూసి, బిడ్డ గుండె చప్పుడు వినిపించి, ఏమేం దారులున్నాయో ఒక్కొక్కటీ చెప్పింది. సాయానికి ఫోను చేసే చోటు, పోలీసులు, నాలుగు రోజులు తలదాచుకునే కేంద్రం. ఏది కావాలో నువ్వే చెప్పు అంది. అమ్మాయికి కావాల్సింది స్పష్టంగా తెలుసు. దర్శి దగ్గర తల్లిగారి ఊరు పోవాలి, కాన్పు అక్కడే కావాలి. కానీ మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తింట్లో అనేది వాడుక. రెండోదానికి పుట్టిల్లేంది అని మొగుడు అడ్డం పడ్డాడట. చెప్పకుండా పోతే అక్కడికొచ్చి రచ్చ చేస్తాడని భయం. అత్తతో మాట్లాడమని తనే అడిగింది. ఆమెకు అన్నీ తెలుసు, ఆమెతో దాచకుండా మాట్లాడండి, అంది.

నేను కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఆశక్క చెమటలు కక్కుతోంది. సబ్బు సగానికి అరిగింది. ఎంత చెప్పినా పెద్దమ్మ చెయ్యి వదలట్లేదని నాకు ఫిర్యాదు చేసింది. రాయిలా బిగబట్టింది, ఇట్లయితే గాజు ఎట్ల పోతుంది?

నేను ఆ చెయ్యి చూశాను. వేళ్ళు నిటారుగా, కణుపులు తేలి, మణికట్టు నరాలు లాగిపట్టి. గాజుల దుకాణంలో పుట్టిన నాకు ఆ చెయ్యి చూశాక ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆమె కావాలనే బిగబట్టింది.

"నాది రెండు నాలుగు కాదని నాకు తెలీదా?" అంది పెద్దమ్మ, నా మొహం చూసి. "అది నీతో ఒంటరిగా ఉండాదని తెలిసినాక, గాజు ఎక్కితే లేసి రావాల్సి వస్తదని చెయ్యి బిగబట్టినా. ఇంత సేపు పట్టిందేంది నీకు? చెప్పిందా?"

చెప్పింది, నీతో మాట్లాడమంది పెద్దమ్మా, అన్నాను.

ఆమె కుళాయి కట్టేసింది. తల వంచుకుని చేతి మీది నురగ చాలాసేపు తుడుచుకుంది. "నా నోటితో నా కొడుకును ఎట్ల చెప్పేది? కన్నా కదా," అంది. తర్వాత ముక్కు చీదుకుని, ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పు, అంది. దర్శి సంగతి చెప్పాను. రెండో కాన్పుకు పంపే ఆచారం లేదంటున్నాడట అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. ఆసుపత్రిలో గాజులేయించుకున్న పిల్ల అత్తింట్లో కాన్పు కాకూడదు, మా పుట్టింటి తట్టు ఆచారం, అంది. నేను నోరు తెరిచాను. ఎప్పటినుంచి పెద్దమ్మా ఆ ఆచారం?

"ఇప్పుడే వచ్చింది," అంది.

మర్నాడు ఆమె కొడుకు ఆసుపత్రికి వచ్చాడు. చూడ్డానికి మామూలు మనిషే, నమస్కారం కూడా పెట్టాడు. గాజుల ఆచారం ఒకటుందంట, నిజమేనా అని అడిగాడు. ఆచారాల సంగతి ఇంట్లో పెద్దావిడ మాటే మాట, నాకేం తెలుసు, అన్నాను. డాక్టరమ్మ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది: మీ ఆవిడకు రక్తం తక్కువగా ఉంది, పని చెయ్యకుండా విశ్రాంతి కావాలి, పెద్దాసుపత్రికి దగ్గరగా ఉండాలి. దర్శి ఆసుపత్రి వాళ్ళ ఊరికి దగ్గరే కదా. అప్పుడు అతను బేరం మొదలుపెట్టాడు. నెలాఖరుకు పంపుతా అన్నాడు. ఇప్పుడే, అన్నాను. వారం ఆగి? ఇప్పుడే. అది పోతే పోనీ, అమ్మ ఇక్కడుండాలి, నాకు వండేదెవరు, అన్నాడు. కంభంలో హోటళ్ళు లేవా అని గుమ్మంలోంచి పెద్దమ్మ అడిగింది. మనవరాలిని ఎవరు ఎత్తుకుంటారు, నేను పోవాల్సిందే, అంది. పోనీ ఎల్లుండి, అన్నాడు నాతో. ఇప్పుడే, అన్నాను. మా నాయన జన్మలో పెట్టని 'ఒకే ధర' బోర్డు ఆ పూట నా మొహానికి వేలాడింది. అతను మా ముగ్గురి వంకా చూశాడు. ఎక్కడా సందు దొరక్క, జేబులో చేతులు పెట్టుకుని లారీ దగ్గరికి పోయాడు.

మధ్యాహ్నం బస్సుకు వాళ్ళు ముగ్గురూ వెళ్ళారు. పచ్చగాజుల చెయ్యి కిటికీలోంచి ఒకసారి ఊగింది. బస్సు మలుపు తిరిగాక ఆశక్క వరండాలో రెండు చేతులూ పైకెత్తి చిన్న గంతు వేసింది. నేనూ వేశాను. బీపీ మాత్రల కోసం వచ్చిన ముసలాయన, ఈ ఆసుపత్రిలో సిస్టర్లకే మందు కావాల అన్నాడు.

దర్శి ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడని ఫోను వచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. ఎవరైనా పక్కన ఉన్నారా అని అలవాటుగా అడిగాను. అత్త ఉంది అంది అమ్మాయి, నవ్వుతూ. అయితే ఏమైనా మాట్లాడొచ్చు, అన్నాను.

చలికాలంలో ఒక ఆదివారం నేను నాయన దుకాణంలో కూర్చుని ఉన్నాను. మెట్ల మీద పెద్దమ్మ. దర్శి నుంచి వస్తోందట. వాడికి వండి పెట్టేదానికి అప్పుడప్పుడూ ఊరొస్తా, గిన్నె ముందర పెట్టి మొహం చూడకుండా మళ్ళీ బస్సెక్కుతా, అంది. కోడలు ఇంకా తల్లిగారింట్లోనే. కొడుకు రెండుసార్లు పోయి, ఇంక చెయ్యెత్తనని ఒట్లు పెట్టుకున్నాడట. ఆ పిల్ల గడప దిగలేదట. ముందు పెద్దమనుషుల ముందరా, కౌన్సెలింగు చేసే మేడం ముందరా చెప్పమందట, ఆ తర్వాత కూడా రావాలో వద్దో తనే చూసుకుంటానందట.

"మొదటి మాటకు రాదంట," అంది పెద్దమ్మ. "నీ దగ్గర నేర్చినట్టుంది."

నాయన గంభీరంగా తలూపాడు, ఇంట్లో పిల్ల పరీక్ష పాసైనట్టు.

ఆ పిల్లకు ఒక డజను తీసుకున్నాక, పెద్దమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. నాకూ చూపించు, అంది. కొలత ఎంతమ్మా అని నాయన అడిగాడు. రెండు నాలుగు, అంది. నాయన ఆమె చేతిని ఒక్క చూపు చూసి పై అరలో డబ్బా తీసి నాకిచ్చాడు. దాని మీద రెండు నాలుగని పెద్ద అక్షరాలతో ఉంది. పెద్దమ్మ డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

"ఇదిగో, చెయ్యి వదిలినా. ఎయ్యి," అంది.

సర్రున ఎక్కింది.